ఎనిమిదో ఇన్నింగ్స్ మనిషి

బేస్‌బాల్‌లో స్కోరు రాసేవాళ్లు ఆటగాళ్లకంటే ఎక్కువ చూడాలంటారు. ఆ ఆదివారం మధ్యాహ్నం, ఆ వేసవి మొత్తానికీ ముఖ్యమైన బంతి ఒకటి గాల్లో ఉన్నప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. మైదానంలో ఉన్నవాళ్లలో చూడ్డమే పనిగా కూర్చున్నది నేనొక్కదాన్నే.

ఈ పని నాకెలా అంటుకుందో ముందు చెప్పాలి. నేను ఆక్లాండ్‌లో, న్యూ లిన్‌లోని ఒక మందుల షాపులో పనిచేస్తాను. ఇల్లు శాండ్రింగ్‌హామ్‌లో. మా అమ్మాయి స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే శనివారం పొద్దున్నే తడిగడ్డి మీద మడత కుర్చీ వేసుకుని కూర్చునే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. ఖాళీగా కూర్చోలేని రోగం నాది. పైగా తెనాలిలో మా నాన్న క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాసేవాడు, ఆయన పెన్సిళ్లు చెక్కిందంతా నేనే. ఒకరోజు ఎవరో రాకపోతే స్కోరు పుస్తకం నా చేతిలో పెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి పెద్దవాళ్ల బేస్‌బాల్ క్లబ్బు వాళ్లు వచ్చి లాప్‌టాప్ ఒకటి ఇచ్చి, ఇకనుంచి నువ్వే మా అఫీషియల్ స్కోరర్ అన్నారు. జీతం లేదు. ఒక టోపీ, మ్యాచ్‌కో సాసేజ్ ముక్క.

మొదట్లో నాకు ఈ ఆట మీద చచ్చే కోపంగా ఉండేది. క్రికెట్‌లో క్యాచ్ వదిలేస్తే నలుగురూ నాలుగు తిట్లు తిడతారు, అంతే. స్కోరు పుస్తకంలో ఆ సంగతే ఉండదు. ఎంత ఘోరంగా వదిలినా కాగితం మీద వాడు పరిశుద్ధుడే. ఇక్కడ అలా కాదు. బ్యాటర్ బంతి కొట్టి పరిగెత్తి బేస్‌కి, అంటే దారిలోని మజిలీకి, చేరాడంటే అది అతని గొప్పా, ఫీల్డర్ తప్పా అని స్కోరర్ తేల్చాలి. గొప్పయితే హిట్, తప్పయితే ఎర్రర్. ఆ ఎర్రర్ ఫీల్డర్ పేరు పక్కన పడుతుంది, ఎప్పటికీ ఉంటుంది. మనిషి కాలు జారితే దాన్ని రాసిపెట్టుకోవడమేమిటని మావారి దగ్గర ఎగిరాను.

"మా హాస్పిటల్లో ఇన్సిడెంట్ ఫారం లేదూ? అదే ఇది. తప్పు రాయకపోతే రేపు ఇంకోటవుద్ది," అన్నారు ఆయన. ఆయన నర్సు. ప్రపంచంలో ఏ సంగతయినా చివరికి ఆయన వార్డులోకే వచ్చి పడుతుంది.

కిందటి నవంబరులో, ఇక్కడ వేసవి మొదలయ్యేటప్పుడు, క్లబ్బు వాళ్లు జపాన్ నుంచి ఒక ఆటగాణ్ణి తెప్పించారు. ఔట్‌ఫీల్డర్. అంటే దూరంగా, కంచె దగ్గర నిలబడి గాల్లోకి లేచిన బంతుల్ని పట్టేవాడు. అతనికి మూడు నెలలు ఇల్లు కావాలన్నారు.

"మన ముందుగది ఖాళీయేగా. పాపం, అంతదూరం నుంచి వస్తన్నాడు," అన్నారు మావారు.

"పాపమని నువ్వంటావు, వండేది నేను," అన్నాను. అన్నానే గాని మర్నాడే దుప్పట్లు ఉతికాను. స్కోరర్ ఇంట్లో ఆటగాడు ఉండొచ్చా అని క్లబ్బు సెక్రటరీని అడిగితే ఆవిడ నవ్వేసింది. చిన్న క్లబ్బు. అంపైర్ ఒకరికి బావ, కోచ్ ఇంకొకరికి మామ. అలా చూసుకుంటూ పోతే ఆడేవాడే మిగలడు.

వచ్చాడు. ముప్పై ఆరేళ్లు, ఎండకు మాడిన మెడ, కుడి మోకాలి మీద కుట్ల గుర్తు. జట్టులో కుర్రాళ్లందరూ నన్ను ఆంటీ అంటారని తనూ ఆంటీ అన్నాడు. నాకంటే పదేళ్లే చిన్న, ఒళ్లు మండింది. కానీ రోజూ తన కంచం తనే కడిగేవాడు, చారు మూడుసార్లు పోయించుకునేవాడు. ఎంతకాలం మండుతుంది? ఒకరోజు మా అమ్మాయి హాల్లో నడుస్తూ అతని గ్లవ్‌ను కాలితో తన్నింది. పుస్తకం తొక్కితే చేసినట్టే చటుక్కున వంగి, దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంది. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మా అమ్మాయిని, గ్లవ్‌ను మార్చి మార్చి చూశాడు. ఆ రోజు నుంచి అతను మా మనిషి.

వచ్చీరాని ఇంగ్లీషులో, ఫోను సాయంతో భోజనాల దగ్గర తన సంగతులు చెప్పేవాడు. మంచు పడే ఊళ్లో పుట్టాడు. శీతాకాలం బడి వరండాలో పరిగెత్తి ప్రాక్టీసు చేసేవాడట. పద్దెనిమిదేళ్లకే పెద్ద జట్టు తీసుకుంది. నాలుగేళ్లు కింది జట్టులో మగ్గాక పైకి పిలిచారు. కానీ బ్యాట్ బాగా ఆడదు. అందుకని తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడు ఇన్నింగ్స్ బెంచీ మీద కూర్చోబెట్టి, జట్టు గెలిచేలా ఉంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కాపలాకి దింపేవాళ్లు. వాళ్ల భాషలో అలాంటివాళ్లకు విడిగా ఒక మాటే ఉందట. పన్నెండేళ్లు అదే పని. నలభై వేలమంది ముందు, ఒక రోజుకు ఒకటో రెండో బంతులు. అవి పట్టుకుంటే ఎవరికీ గుర్తుండడు. వదిలితే పొద్దున పేపర్లో ఫొటో.

"భయం వేసేది కాదా?" అని అడిగాను.

"రోజూ," అన్నాడు. "భయం పోయిన రోజు మానేయాలి అనుకున్నాను. భయం పోలేదు. వాళ్లే మానిపించారు."

మోకాలి ఆపరేషను తర్వాత పెద్ద జట్టు వదిలేసింది. రెండేళ్లు ఊరూరా చిన్న జట్లలో ఆడాడు. భార్య పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, ఆరేళ్ల పాప ఉంది. ఇప్పుడు వాళ్ల ఊరి దగ్గరే ఒక చిన్న జట్టు మేనేజరు ఇతణ్ణి ఆటగాడిగా, ఫీల్డింగ్ నేర్పేవాడిగా తీసుకుందామనుకుంటున్నాడు. జట్టు యజమానికి మాత్రం ఆ మోకాలి మీద నమ్మకం లేదు. యజమానికి చూపించడానికి కాగితం కావాలన్నాడట మేనేజరు. "బ్యాట్ సంగతి వదిలేయ్. ఈ వేసవంతా ఆడి, నీ పేరు పక్కన ఎర్రర్ లేని కాగితం పట్రా. మిగతాది నేను చూసుకుంటాను."

ఆ కాగితం నా లాప్‌టాప్ లోంచే వస్తుంది. ఆ మాట విన్నాక కంచంలో చెయ్యి కడిగేశాను. కొరివితో తల గోక్కున్నానని అప్పుడే అర్థమైంది.

ఇక కళ్ల సంగతి. మా ఇంట్లో క్రికెట్ చూడ్డమంటే యజ్ఞం చేసినట్టే. మనవాళ్లు బ్యాటింగ్ చేస్తుంటే అమ్మ వంటింట్లోంచి రాకూడదు. అన్నయ్య మడిచిన కాలు చాపకూడదు. ఎనిమిదేళ్లప్పుడు, నేను కన్నార్పకుండా చూస్తుండగా మనవాడొకడు లడ్డూలాంటి క్యాచ్ నేలపాలు చేశాడు. "నువ్వు చూడబట్టే పోయింది!" అన్నాడు అన్నయ్య. అప్పటి నుంచి మనవాడు క్యాచ్ కింద నిలబడితే నేను కళ్లు మూసుకునేదాన్ని. నలభై ఆరేళ్లొచ్చాక అవన్నీ నమ్మను. కానీ రెప్పలకు ఆ సంగతి తెలియదు.

ముందు రెండేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే మైదానంలో నాకు మనవాడంటూ లేడు. ఇతను వచ్చాక మొదలైంది. బంతి అతను నిలబడే ఎడమవైపుకు లేస్తే బైనాక్యులర్స్ ఎత్తేదాన్ని. అతను దాని కిందికి చేరేదాకా చూసేదాన్ని. ఆఖరి క్షణంలో రెప్పలు పడిపోయేవి. గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు దూరం నుంచి తప్‌మని వినిపించేది. కళ్లు తెరిచి క్యాచ్ అని రాసేదాన్ని. పక్కన స్కోరుబోర్డు నడిపే రిటైర్డ్ మాస్టారు నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకునేవాడు. ఆదివారం చర్చి ఎగ్గొట్టి వచ్చినదాన్ని, అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను. అతను ఒక్కటీ వదల్లేదు కాబట్టి నా దొంగతనం బయటపడలేదు.

ఇంకొక్క సంగతి. డిసెంబరులో ఒక మ్యాచ్‌లో అతను పరిగెత్తి, పడి, బంతి పట్టి లేచాడు. అంపైర్ అవుటన్నాడు. ఇతనే చెయ్యి అడ్డంగా ఊపాడు. నేలకు తగిలింది, క్యాచ్ కాదని. మా కోచ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఇంటికొచ్చాక ఎందుకలా చేశావంటే, భుజాలెగరేసి చారు పోయించుకున్నాడు.

ఫిబ్రవరిలో ఆఖరి మ్యాచ్ వచ్చింది. అప్పటికి అతని పేరు పక్కన ఎర్రర్ల గడిలో సున్నా. ఆ పొద్దున నేను రెండుసార్లు కాఫీ ఒలకబోశాను. అతను మామూలుగానే ఉన్నాడు గాని అన్నం ముట్టలేదు.

గాలి కంచె వైపు నుంచి విసురుగా కొడుతోంది. ఎనిమిదో ఇన్నింగ్స్. మేము ఒక్క పరుగు ముందున్నాం. అవతలివాళ్లకు రెండు అవుట్లయ్యాయి, ఇద్దరు బేసుల మీదున్నారు. మా పిచర్ ఇక్కడి కుర్రాడే, ఇళ్లకు రంగులు వేస్తాడు. ఆరోజు ప్రాణం పెట్టి బంతులు విసురుతున్నాడు. బ్యాటర్ కొట్టాడు. బంతి ఎత్తుగా, ఎడమవైపు గీత దాకా, కంచె మూలకు పోతోంది. మావాడు వీపు మాకు పెట్టి పరిగెత్తుతున్నాడు. ఆ మోకాలితో అంత వేగం ఎలా వచ్చిందో. బైనాక్యులర్స్‌లో అతని చొక్కా మీది మట్టి కూడా కనపడుతోంది. చెయ్యి చాచాడు.

నా కళ్లు మూతపడ్డాయి.

తప్‌మని వినపడలేదు. ఏదో వినపడింది, గ్లవ్వో నేలో అతని ఒళ్లో తెలియదు. జనం అరిచారు. కళ్లు తెరిచేసరికి అతను కంచె పక్కన మోకాళ్ల మీదున్నాడు, బంతి వెనక్కి దొర్లుతోంది, బేసుల మీదున్న ఇద్దరూ చుట్టు పూర్తిచేసి రెండు పరుగులు తీసేశారు.

"హిట్టా, ఎర్రరా?" అన్నాడు మాస్టారు, వేలు బటన్ మీద పెట్టి.

బంతి అతని గ్లవ్‌లోకి వచ్చి జారితే ఎర్రర్. అందకుండా ముందే నేల తగిలితే హిట్. అతని వీపు అడ్డం, అంపైర్ చూపు పరిగెత్తేవాళ్ల మీద, ఉన్న ఒక్క కెమెరా పిచర్ మీద. బైనాక్యులర్స్ ఉన్నది నాకొక్కదానికే.

"నీకేమనిపించింది?" అన్నాను.

"నాకీ దూరం కనపడదమ్మా. నువ్వు చూశావుగా!"

"హిట్," అన్నాను.

బోర్డు మీద హెచ్ అక్షరం వెలిగింది. అతను లేచి దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి ఊపలేదు. తిరిగి తన చోటికి నడిచాడు. నా గుండె కుదుటపడింది. డిసెంబరులో అంపైర్‌నే కాదన్నవాడు ఇప్పుడు ఊరుకున్నాడంటే అది హిట్టే అయ్యుంటుంది కదా! ఈ ధైర్యంతోనే మిగతా ఆటంతా రాశాను. మేము ఓడిపోయాం.

లాప్‌టాప్ సర్దుకుంటుంటే పిచర్ నా దగ్గరికొచ్చాడు. హిట్ అయితే ఆ రెండు పరుగులూ అతని లెక్కలో పడతాయి. ఎర్రర్ అయితే పడవు. గొడవ పడ్డానికి వచ్చిన మొహం కాదు.

"ఆంటీ, మీరు చూశారు కదా?"

"చూశాను," అన్నాను.

"అయితే సరే," అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

కారులో మా అమ్మాయి వెనక సీట్లోంచి, "మమ్మీ, డిడ్ ఇట్ టచ్ హిజ్ గ్లవ్?" అంది. "నువ్వు నోర్ముయ్," అన్నాను. అతను అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక, ఇంకా ఎండ ఉంది, నేను స్టవ్ దగ్గరున్నాను. అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "థ్యాంక్యూ," అన్నాడు. నడుము దాకా వంగాడు. వాళ్లు వంగడం నాకు కొత్తకాదు, రోజుకు పదిసార్లు వంగుతాడు. కానీ ఈసారి లేవలేదు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను, అతని తలమీద పల్చబడ్డ జుట్టు చూస్తూ. లేవవయ్యా బాబూ అని మనసులో మొత్తుకున్నాను. అప్పుడే నాకు అనుమానం పట్టుకుంది. హిట్‌ని హిట్ అని రాస్తే అంత కిందికి ఎవరు వంగుతారు?

ఆ సాయంత్రం మావారికి చెప్పాను. ముందు నవ్వారు. కళ్లు మూసుకోవడం ఆయనకు పెళ్లయినప్పటి నుంచీ తెలుసు. తర్వాత నవ్వాపేశారు.

"అంటే చూడకుండా రాశావా? మా దగ్గర బీపీ చూడకుండా చార్టులో రాస్తే ఉద్యోగం పోద్ది."

"అతనికి ఉద్యోగం పోకూడదనే కదా!"

"నువ్వు హిట్ అన్నా ఎర్రర్ అన్నా ఒకటే. నువ్వు చూళ్లేదు. చూసినోడు ఒక్కడే ఉన్నాడు, ముందుగదిలో."

ఆటగాణ్ణి స్కోరర్ అడగకూడదు. అది రూలు కాదు, మర్యాద. అడిగితే, నిజం చెప్పి అతను తన మెడ మీదికే తెచ్చుకోవాలి గనుక. రాసింది మార్చుకోవడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా గడువుంది, ఆ తర్వాత సీజను కాగితం మూసేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాట్లాడకుండా ఉంటే అతని బతుకు నిలబడుతుంది. కానీ ఆ పిచర్ కుర్రాడి 'అయితే సరే' నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. నిజం కావాలని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున అతను వెనక మెట్ల మీద కూర్చుని బూట్ల మట్టి గీకుతున్నాడు. షాపుకు సెలవు పెట్టి అతని పక్కన కూర్చున్నాను. చెప్పేశాను. చిన్నప్పటి సంగతి, అన్నయ్య మాట, అతను కింద నిలబడ్డ ప్రతిసారీ కళ్లు మూసుకోవడం, అన్నీ.

"వేసవంతా?" అన్నాడు.

"నువ్వు కింద ఉన్నప్పుడే."

అతను నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"నిన్న కూడా?"

"నిన్న కూడా. నేను చూళ్లేదు. నువ్వే చెప్పాలి. గ్లవ్‌కి తగిలిందా?"

పక్కింటి వాళ్లు గడ్డి కోసే మిషను స్టార్టు చేశారు. అది ఆగి, మళ్లీ స్టార్టయింది. అతను బూటు కింద పెట్టాడు. ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. ఆ కాసేపట్లో నేను రెండు మాటలకూ సమానంగా భయపడ్డాను. తగల్లేదని చెప్పు అనీ అనుకున్నాను, చెప్పకు అనీ అనుకున్నాను.

"లోపలికి వచ్చింది," అన్నాడు. "పట్టేశాను అనుకున్నాను. చెయ్యి మూయడం ఆలస్యమైంది. అలాంటివి నేను రోజూ పట్టుకుంటాను."

ఇంకేముంది. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. అతను ఎదురుగా కూర్చున్నాడు. హిట్ తీసేసి ఎర్రర్ పెట్టాను. అతని వరసలో సున్నా పోయి ఒకటి వచ్చింది. పిచర్ కుర్రాడి లెక్క తగ్గింది. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. లోపల మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయిగా ఉంది. ఆ పూట చాలారోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మంగళవారం జపాన్ నుంచి ఫోను వచ్చింది. ముందుగదిలో మాట్లాడాడు. భాష తెలియదు గాని, అవునవును అనే మాట ఒక్కటే చిన్నగా, మళ్లీ మళ్లీ వినిపించింది. బయటికొచ్చి, "యజమాని వద్దన్నాడు," అన్నాడు. మోకాలు, వయసు అన్నారట. కాగితంలో ఆ ఒకటి చూపించారట.

"నన్ను క్షమించు," అన్నాను. "కానీ నువ్వు నిజం చెప్పావు. నీలాంటివాణ్ణి నేను చూళ్లేదు."

అతని మొహం ఎర్రబడింది. మూడు నెలల్లో అతనికి కోపం రావడం నేను చూడలేదు. ఫోనులో అనువాదానికి కూడా ఆగలేదు, తనకొచ్చిన ఇంగ్లీషులోనే ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడాడు.

"పన్నెండేళ్లు ఆడాను ఆంటీ. స్కోరర్లు నాకు తప్పు రాశారు. కొన్నిసార్లు నా వైపు రాశారు. ఏం రాసినా వాళ్లే రాశారు. ఎవరూ నా దగ్గరికి వచ్చి, నువ్వు చెప్పు అనలేదు. ఆదివారం నన్ను ఎవరూ అడగలేదు. అందుకే నోరు మూసుకోగలిగాను. మొదటిసారి. నా పాప కోసం." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అడిగితే నేను అబద్ధం చెప్పలేనని మీకు తెలుసు. డిసెంబరు నుంచి తెలుసు. అందుకే అడిగారు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ అతనన్నది నిజం.